రాని పొడిగింపు కోసం ప్రతి ఆదివారం

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఊరూ పేరూ తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

ఆయనకు 47 ఏళ్లు, గ్రీన్‌కార్డు ఉంది. ఒకే కంపెనీలో 11 ఏళ్లు పని చేశారు. చివరి నాలుగేళ్లు టెస్టింగ్ విభాగానికి మేనేజరు. 2025 ఫిబ్రవరి ఆఖర్లో లేఆఫ్ చేశారు. మార్చి మొదటి వారం నుంచి వారానికి 875 డాలర్ల నిరుద్యోగ భృతి వచ్చింది. 26 వారాలు నిండాయి, సెప్టెంబరు మొదట్లో ఆగిపోయింది. ఇప్పుడు నవంబరు. ఈలోగా 140 దరఖాస్తులు పెట్టారు. తొమ్మిది చోట్ల ఇంటర్వ్యూకు పిలిచారు. రెండు చోట్ల ఆఖరి మెట్టు దాకా వెళ్లి ఆగిపోయింది. ఆ రెండు కంపెనీలూ ఆ ఉద్యోగాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదట, పోస్టులే రద్దు చేశాయట.

భార్య ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది. ఆమె జీతం కోతలన్నీ పోగా నెలకు 3,600 డాలర్లు. ఇంటి అప్పు, పన్ను, కారు, తిండి, నాన్నకు పంపే 40 వేల రూపాయలు అన్నీ కలిపి ఖర్చు 6,700. బ్యాంకులో 28 వేలు మిగిలాయి. కొడుకు పన్నెండో తరగతి, వచ్చే ఏడు కాలేజీ.

తెలుగువాళ్ల వాట్సాప్ బృందంలో మూడు నెలలుగా ఒకటే మాట తిరుగుతోంది: భృతి పొడిగింపు వస్తోంది, ఆగిన వారాలకు బకాయితో సహా ఇస్తారు అని. ఒక పెద్ద స్నేహితుడు మరీ గట్టిగా చెప్పారట: "అప్పట్లో నేను 99 వారాలు తీసుకున్నాను. ఈలోగా చిన్నాచితకా పనిలో చేరావో, అది కాస్తా పోతుంది. ఓపిక పట్టు." ఆ మాట నమ్మి, మే నెలలో దగ్గరి కమ్యూనిటీ కాలేజీ హెల్ప్‌డెస్క్‌లో వచ్చిన పనిని వద్దన్నారు. వారానికి 25 గంటలు, గంటకు 24 డాలర్లు. ఇప్పుడు ఒహాయోలోని కొలంబస్‌లో ఆరు నెలల కాంట్రాక్టు పని వచ్చింది, గంటకు 52 డాలర్లు. కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్‌హౌస్‌లో పాతికేళ్ల కుర్రాళ్లతో ఉండాలి. భార్య వెళ్లమంటోంది. ఈయనకు మనసు రావడం లేదు.

తెనాలిలో తండ్రికి ఈ విషయం తెలియదు. ఆయనకు 76 ఏళ్లు. 1971లో రైల్వేలో చేరి 2009లో రిటైరయ్యారు. తల్లి నిరుడు పోయారు. ప్రతి శనివారం రాత్రి తండ్రితో వీడియో కాల్ మాట్లాడేటప్పుడు ఈయన ఆఫీసు చొక్కా వేసుకుని, మెడలో పాత ఐడీ కార్డు తాడు తగిలించుకుని కూర్చుంటారు.

ఉత్తరం చివర, సంతకానికి పైన, ఒక్క వాక్యం ఉంది: "జూలైలో అమ్మ సంవత్సరీకానికి మూడు వారాలు తెనాలి వెళ్లాను, ఆ వారాలకు నా బదులు మా ఆవిడ ఇక్కడ సర్టిఫై చేసింది, ఇది పెద్ద విషయం కాదనుకుంటాను." సర్టిఫై చేయడమంటే, ఈ వారం నేను పనికి సిద్ధంగా ఉన్నానని భృతి కోసం వారం వారం చెప్పడం.

ఆయన ప్రశ్న: "పొడిగింపు ఎప్పటికి రావచ్చు? అప్పటిదాకా ఆగనా, కొలంబస్ వెళ్లనా?"

తమ్ముడూ, "అక్కయ్యగారూ" అని మొదలుపెట్టారు కాబట్టి ఆ చనువుతోనే రాస్తున్నాను.

ముందు మీరు అడిగినదానికి జవాబు. మీరు ఎదురు చూస్తున్న పొడిగింపు ఆలస్యం కావడం లేదు. అసలు అలాంటిదేదీ ఇప్పుడు అమలులో లేదు. ఆలస్యంగా నడిచే బండి అయితే ప్లాట్‌ఫాం మీద కూర్చోవచ్చు. ఇది టైంటేబుల్‌లోనే లేని బండి.

శిక్షణలో చేరిన కొందరి సంగతి పక్కన పెడితే, అమెరికాలో 26 వారాల తర్వాత భృతి రావడానికి రెండే దారులు. ఒకటి 1970 నాటి చట్టం. రాష్ట్రంలో నిరుద్యోగం ఒక హద్దు దాటితే దానంతట అదే మొదలై 13 వారాలు, మరీ ఎక్కువైతే 20 వారాలు అదనంగా ఇస్తుంది. ఆ హద్దును కొలిచే పద్ధతుల్లో ఒకటి ఇది: మూడు నెలల సగటు నిరుద్యోగం 6.5 శాతానికి చేరాలి, గత రెండేళ్లలో ఏదో ఒక ఏడాది అవే నెలలతో పోలిస్తే పదో వంతైనా పెరిగి ఉండాలి. 2025 ఆగస్టులో మీ రాష్ట్రంలో అది 5 శాతం చుట్టుపక్కలే ఉంది. దేశం మొత్తానికి 4.3 శాతం. మరి మీకు ఎందుకు పని దొరకడం లేదు? అదే ఆగస్టు లెక్కల్లో ఇంకో అంకె ఉంది. ఆరు నెలలకు పైగా ఖాళీగా ఉన్నవాళ్లు 19 లక్షల మంది, అంటే నిరుద్యోగుల్లో పావు వంతు. కంపెనీలు ఉన్నవాళ్లను పెద్దగా తీసేయడం లేదు, కొత్తవాళ్లను తీసుకోవడమూ లేదు. తలుపు లోపల ఉన్నవాళ్లకు చల్లగానే ఉంది, బయటపడ్డవాళ్లకు తలుపు తెరుచుకోవడం లేదు. చట్టం దగ్గరున్న తక్కెడ మాత్రం వందలో ఎంతమందికి పని లేదో తూస్తుంది. ఒక్కొక్కరూ ఎన్నాళ్లుగా కూర్చున్నారో తూయదు. మీ 140 దరఖాస్తుల బరువు అందులో పడదు.

రెండో దారి, కాంగ్రెస్, అంటే సెనేట్, ప్రతినిధుల సభ అనే రెండు సభల అమెరికా పార్లమెంటు, ప్రత్యేకంగా చట్టం చేయడం. మీ స్నేహితుడి 99 వారాలు అలా వచ్చినవే. 2008 జూన్ 30న ఆ చట్టం వచ్చింది, తర్వాత విడతలు విడతలుగా పెంచారు. 2009 అక్టోబరులో దేశంలో నిరుద్యోగం 10 శాతం. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన కాలం వేరు.

ఈ బకాయిల మాట ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు. 2010 జూన్ మొదట్లో ఆ చట్టం గడువు తీరింది, సెనేట్‌లో పొడిగింపు చిక్కుకుపోయింది. మా ఇంట్లో అప్పుడు ఆయనకు ఉద్యోగం లేదు. ఏడు వారాలు పైసా రాలేదు. రోజూ సాయంత్రం టీవీ ముందు కూర్చుని సెనేటర్ల పేర్లు మా పిల్లలకు కూడా కంఠతా వచ్చేశాయి. జూలై 22న అధ్యక్షుడు ఒబామా సంతకం పెట్టారు, ఆగిన వారాలన్నిటికీ కలిపి వచ్చింది. ఆ డబ్బుతో కరెంటు బిల్లు కట్టి, కారుకు రెండు టైర్లు మార్చి, ఒక సోనా మసూరి బస్తా కొన్నాం. ఓపిక పడితే వస్తుందన్న నమ్మకం మా తరంలో అలా పాతుకుపోయింది.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2013 డిసెంబరు 28న ఆ చట్టం పూర్తిగా ముగిసింది. ఆ ఒక్క రోజుతో సుమారు 13 లక్షల మందికి భృతి ఆగిపోయింది. మా వీధి చివర ఇంట్లో ఒకాయన, మా 2010 అనుభవం విని, అలాగే ఎదురు చూశారు. 2014 ఏప్రిల్‌లో సెనేట్ పొడిగింపును ఆమోదించింది కూడా. ఆ రాత్రి ఆయన స్వీట్లు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ప్రతినిధుల సభ దాన్ని ఓటింగ్‌కే పెట్టలేదు. ఆయన ఆ నాలుగు నెలల్లో వదులుకున్న పని ఏమిటో నాకు తెలుసు. ఆయనకు ఆశ పెట్టినవాళ్లలో మేమూ ఉన్నాం కాబట్టి ఇది ఎప్పుడు తలుచుకున్నా నాకు గొంతులో ముల్లే.

తర్వాత కరోనా కాలంలో, 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు వరకు, మళ్లీ అదనపు వారాలు ఇచ్చారు. ఆ రెండు సందర్భాల్లోనూ దేశం మొత్తం మంచం పట్టింది. ఇప్పుడు మంచం పట్టింది మీలాంటి 19 లక్షల ఇళ్లు. రేపు పరిస్థితి ఇంకా దిగజారి చట్టం రావచ్చు, రాదని నేను ప్రమాణం చేయను. వస్తే ఆ రోజు దరఖాస్తు పెట్టుకోండి. దానికోసం ఇప్పటినుంచే కుర్చీ వేసుకుని కూర్చోనక్కర్లేదు.

స్నేహితుడి రెండో మాట, చిన్న పనిలో చేరితే భృతి పోతుందన్నది, మీకు నిజంగా నష్టం చేసింది. ఇది మీకు ఇక పనికిరాదు కానీ, ఇంకా వారాలు మిగిలి ఉన్న పాఠకులు చాలామంది ఉంటారు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. న్యూజెర్సీలో పాక్షిక భృతి ఉంది. మామూలుగా చేసే గంటల్లో 80 శాతం మించకుండా పని చేస్తే, వారపు భృతికి ఐదో వంతు కలిపి, అందులోంచి సంపాదన తీసేసి మిగిలింది ఇస్తారు. మీ 875కు ఐదో వంతు కలిపితే 1,050. హెల్ప్‌డెస్క్‌లో వారానికి 600 వచ్చేది. మిగిలిన 450 భృతిగా వచ్చేది. అంటే 875 వచ్చే చోట 1,050. అంతేకాదు, మీకు రాసిపెట్టిన మొత్తం 26 వారాలకు 22,750 డాలర్లు. వారానికి 450 చొప్పున తీసుకుంటే అది నెమ్మదిగా తరుగుతుంది. మే రెండో వారంలో ఆ పనిలో చేరి ఉంటే, అప్పటికి మిగిలిన 14 వేలు 31 వారాలు వచ్చేవి. డిసెంబరు మధ్య దాకా. అంటే, మీరు నాకు ఈ ఉత్తరం రాసిన రోజు కూడా భృతి వస్తూ ఉండేది. మీరు కోరుకున్న పొడిగింపు మీ చేతికి వచ్చి, వద్దనిపించుకుని వెళ్లిపోయింది.

ఇది మిమ్మల్ని బాధపెట్టడానికి రాయలేదు. కొలంబస్ గురించి ఆలోచించేటప్పుడు ఆ స్నేహితుడి గొంతు మళ్లీ వినిపిస్తే, ఈ లెక్క గుర్తుకు రావాలని రాశాను.

ఇంకొక చిన్న మాట, మాటల మధ్యలో. మీ ఉత్తరంలో మూడు చోట్ల "ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో బతుకుతున్నాను" అన్నారు. మన ఊళ్లలో నిరుద్యోగ భృతి అంటే ఎన్నికల సభలో వినబడే మాట కాబట్టి అలా అనిపించడం సహజమే. మీది అది కాదు, బీమా. అమెరికాలో ఉద్యోగి జీతంలోంచి కూడా దీనికి కోత పెట్టే రాష్ట్రాలు మూడే: అలాస్కా, పెన్సిల్వేనియా, మీ న్యూజెర్సీ. పాత జీతం చిట్టా ఒకటి తీసి చూడండి. 11 ఏళ్లు మీరు కట్టారు.

ఇక ఆ చివరి వాక్యం. "పెద్ద విషయం కాదనుకుంటాను" అన్నారు. ఉత్తరం మొత్తంలో నన్ను లేచి కూర్చోబెట్టింది అదే. దేశంలో లేని వారానికి, పనికి సిద్ధంగా అందుబాటులో ఉన్నానని చెప్పడం తప్పుడు ప్రకటన. బటన్ నొక్కింది మీ ఆవిడే అయినా, సమాధానం మీది. మూడు వారాలకు 2,625 డాలర్లు. అది కావాలని చేసిన మోసమని తేలితే, సొమ్ము వెనక్కి కట్టాలి, దాని మీద మీ రాష్ట్రంలో నాలుగో వంతు జరిమానా, అంటే ఇంకో 656 డాలర్లు. ఆపై ఏడాది పాటు భృతికి అనర్హత కూడా పడవచ్చు. మీరు దేశం దాటిన తేదీలు ప్రభుత్వం దగ్గర ఉంటాయి. అన్నిటికన్నా, మీది గ్రీన్‌కార్డు. రేపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టినప్పుడు, ఏదైనా ప్రయోజనం కోసం ప్రభుత్వానికి తప్పు సమాచారం ఇచ్చారా అనే ప్రశ్నకు టిక్కు పెట్టాలి.

ఏమీ మాట్లాడకుండా ఊరుకోవచ్చు, చాలామంది అదే చేస్తారు. అప్పుడు ఆ టిక్కు దగ్గర మళ్లీ అబద్ధం ఆడాలి, అది మొదటిదానికన్నా పెద్దది. మీరే ముందుగా చెప్పి కట్టేయవచ్చు. సొమ్ము పోతుంది, జరిమానా పడినా పడవచ్చు, కానీ తనంతట తాను వచ్చి చెప్పినవాడికీ పట్టుబడినవాడికీ తేడా ఉంటుంది. ఈ రెండింటిలో ఏదో తేల్చుకునే ముందు, భృతి ఇచ్చే శాఖకు ఒక్క అక్షరం కూడా రాయకముందు, ఇమ్మిగ్రేషన్ వ్యవహారాలు కూడా తెలిసిన లాయరుతో ఒక గంట మాట్లాడండి. ఆ ఫీజు దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఏ మాట ఎలా రాయాలన్నది వాళ్లు చూడాల్సిన పని. మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి. ఆమె మిమ్మల్ని కొలంబస్ వెళ్లమని తొందరపెడుతోందని రాశారు గానీ, జూలై నుంచి ఆమెకు నిద్ర పడుతోందా అని మీరు ఎక్కడా రాయలేదు.

అమ్మ సంవత్సరీకానికి వెళ్లినందుకు మాత్రం మిమ్మల్ని ఎవరూ తప్పు పట్టలేరు. వెళ్లాల్సిందే. ఆ మూడు వారాలు భృతి అడగకుండా ఉండి ఉంటే ఆ సొమ్ము మీ ఖాతాలోనే ఉండి, తిరిగొచ్చాక మళ్లీ వచ్చేది. చాలామందికి ఇది తెలియకే ఇరుక్కుంటారు.

సరే, ఇప్పుడు కొలంబస్. మీరు ఎదురుచూపుకు ఖర్చు లేదనుకుంటున్నారు. నెలకు 3,100 లోటు. రోజుకు వంద డాలర్ల పైమాటే. 28 వేలకు తొమ్మిది నెలలు, అంటే మీ అబ్బాయి కాలేజీలో చేరే నెలకు ఖాతా ఖాళీ. మేనేజరు ఉద్యోగం కోసమే గట్టిగా నిలబడాలనుకుంటే అది తప్పు కాదు, తొమ్మిది నెలల్లో రావచ్చు కూడా. కానీ ఆరో నెలలో రాకపోతే ఏం చేస్తారో ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఆరో నెలలో మనిషి ఇంత స్థిమితంగా ఆలోచించడు.

కొలంబస్‌లో వారానికి 2,080. నాలుగు వారాలకు 8,320. పన్నులకు, ఆ నగరం వసూలు చేసే 2.5 శాతంతో కలిపి, ముప్పై శాతం తీసేద్దాం, 5,800. గదికీ తిండికీ నెలకు రెండుసార్లు ఇంటికి రావడానికీ 1,800. మిగిలిన 4,000లో ఇంటి లోటు పూడ్చితే నెలకు 900 వెనకేయవచ్చు. ఉజ్జాయింపు లెక్కే. దీనికి ఇంకొక లాభం ఉంది, దాన్ని మీకెవరూ చెప్పలేదు. ఒకసారి భృతి అయిపోయాక, మధ్యలో పని చేయకుండా మళ్లీ కొత్తగా అడగడానికి వీల్లేదు. మీ రాష్ట్రంలో కనీసం నాలుగు వారాల పని, పాత వారపు భృతికి ఆరు రెట్లు, అంటే మీ విషయంలో 5,250 డాలర్ల సంపాదన ఉండాలి. మిగతా అర్హతలు ఆ తర్వాత. అంటే మీకు ఇంకోసారి భృతి వచ్చే అవకాశం ఏదైనా ఉందంటే అది పని చేయడంలోనే ఉంది. ఏ రాష్ట్రంలో అడగాలన్నది అప్పుడు చూసుకోవచ్చు. అయితే ఒక షరతు: ఆ కన్సల్టెన్సీ మిమ్మల్ని డబ్ల్యూ-2 మీద, అంటే జీతం ఇచ్చే ఉద్యోగిగా తీసుకోవాలి. 1099 మీద స్వతంత్ర కాంట్రాక్టరుగా రాసుకుంటే ఆ సంపాదన ఈ లెక్కలోకి రాదు, పన్నుల భారం కూడా మీ మీదే ఎక్కువ పడుతుంది. సంతకం పెట్టే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. నీళ్లు నమిలితే అర్థం చేసుకోండి.

నష్టం కూడా చెప్పాలి. మీ అబ్బాయి ఇంట్లో ఉండే ఆఖరి ఏడు ఇది. పిల్లలు ఆ వయసులో మనతో మాట్లాడేది ఏ రాత్రి పదకొండింటికో, ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడి. నెలకు రెండు శనివారాలు ఇంటికి వచ్చే తండ్రికి ఆ మాటలు దొరకవు. ఇక మీకు అడ్డుపడుతున్న ఆ గెస్ట్‌హౌస్. సాంబారు గిన్నె మీద పేరు రాసి పెట్టుకోవాల్సి వస్తుందని రాశారు. నవ్వొచ్చింది, నవ్వినందుకు క్షమించండి. 22 ఏళ్ల క్రితం మీరు ఇక్కడికి వచ్చినప్పుడు అలాగే ఉండి ఉంటారు. అప్పుడు అది మొదలు అనిపించింది, ఇప్పుడు మళ్లీ మొదటికి వచ్చినట్టు అనిపిస్తోంది. ఆ తేడాను నేను కొట్టిపారేయను. నెలకు ఇంకో మూడు వందలు పెడితే వేరే గది దొరకవచ్చు, ఆ 900లో అంత వెసులుబాటు ఉంది.

ఊళ్లోనే ఉండాలనుకుంటే హెల్ప్‌డెస్క్ లాంటి పని. అదే కాలేజీ వాళ్లకు ఒక ఈమెయిల్ పెట్టి చూడండి, మేలో వద్దన్నవాడు నవంబరులో అడగకూడదన్న నియమమేమీ లేదు. కోతలు పోగా నెలకు 2,250 దాకా వస్తే లోటు 850కి దిగుతుంది. అప్పుడు 28 వేలు తొమ్మిది నెలలు కాదు, రెండున్నరేళ్లు దాటి వస్తాయి. మధ్యాహ్నాల తర్వాత మంచి ఉద్యోగం వెతుక్కోవచ్చు. మేనేజరు అనే మాట ఆ ఈమెయిల్ సంతకంలో ఉండదు. కొందరికి అది గీరుకుంటుంది, కొందరికి గీరుకోదు. మీకెలా ఉంటుందో మీకే తెలియాలి. నన్నడిగితే, అబ్బాయి కోసం నేను దీని వైపే కొంచెం మొగ్గుతాను. కానీ ఈ పని ఇంకా చేతిలో లేదు, కొలంబస్ చేతిలో ఉంది. ఆ తేడా చిన్నది కాదు.

మంగళగిరి దగ్గర స్థలం ఉందని, అమ్మడం నాన్నకు ఇష్టం ఉండదని రాశారు. అమ్మినా ఆ డబ్బు ఈ చలికాలానికి అందదు. ప్రవాసుల దగ్గర కొనేవాళ్లు టీడీఎస్ పట్టుకోవాలి, తర్వాత రిటర్నులు, బ్యాంకు కాగితాలు, నెలలు పడుతుంది. దాన్ని ఇప్పటికి వదిలేయండి. రిటైర్మెంటు ఖాతా కూడా అంతే. యాభై తొమ్మిదిన్నర ఏళ్లు నిండకుండా తీస్తే పన్నుతో పాటు 10 శాతం అపరాధ రుసుము.

అబ్బాయి కాలేజీ సాయం దరఖాస్తు విషయంలో ఒకటి మరిచిపోకండి. వచ్చే విద్యా సంవత్సరానికి వాళ్లు చూసేది 2024 ఆదాయం. ఆ ఏడాది మీరు నిండు జీతంలో ఉన్నారు, కాబట్టి కాగితం మీద మీరు ఉన్నవాళ్లు. ఫాఫ్సా అనే ఆ దరఖాస్తు నింపాక, చేరాలనుకునే ప్రతి కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయానికీ లేఆఫ్ ఉత్తరం, భృతి ముగిసిన పత్రం జత చేసి, పరిస్థితి మారిందని విడిగా రాయండి. దాన్ని బట్టి మార్చే అధికారం వాళ్లకు ఉంది. అలాగే మీకు వచ్చిన భృతి మీద న్యూజెర్సీ పన్ను లేదు గానీ ఫెడరల్ పన్ను ఉంది. మొదట్లోనే 10 శాతం పట్టుకోమని చెప్పి ఉండకపోతే ఏప్రిల్‌లో కట్టడానికి ఇప్పుడే కొంత పక్కన పెట్టండి.

భృతి ఇంకా వస్తున్న వేరే పాఠకులకు: ఆమోదించిన శిక్షణలో చేరిన వాళ్లకు అదనపు వారాలు ఇచ్చే పద్ధతి న్యూజెర్సీ, కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఉంది. దానికి గడువులు ముందే ఉంటాయి. కాలిఫోర్నియాలో పదహారో వారం భృతి అందేలోపే అడగాలి. ఆఖరి వారం దాకా ఆగి అడిగితే లాభం లేదు.

ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున్నే కాఫీ కప్పుతో కూర్చుని భృతి వెబ్‌సైట్ తెరుస్తానని, "మిగిలిన సొమ్ము: 0" అని చూసి మూసేస్తానని రాశారు. పొడిగింపు కోసమని మీరంటున్నారు. నాకు వేరేలా తోస్తోంది. పొడిగింపు కోసం ఆగుతున్నంత కాలం మీరు ఉద్యోగం పోయిన మనిషి కారు, మధ్యలో ఉన్న మనిషి. కొలంబస్ వెళ్తే నాన్నకు చెప్పాలి. హెల్ప్‌డెస్క్‌లో కూర్చున్నా చెప్పాలి. శనివారం మెడలో వేసుకునే తాడూ, ఆదివారం చూసే సున్నా, రెండూ ఒకే పని చేస్తున్నాయి. నేను పొరబడి ఉండవచ్చు. మీ ఆవిడను అడిగి చూడండి.

నాన్నకు చెప్పకుండా ఉండటానికీ కారణాలున్నాయి, కాదనను. అమ్మ పోయి ఏడాదే అయింది, ఆయన ఒంటరిగా ఉన్నారు, బీపీ ఉంది. కానీ ఆయనకు రైల్వే పింఛను వస్తోంది. ఆ 40 వేలు ఆయన దేనికి వాడుతున్నారో ఎప్పుడైనా అడిగారా? నాకు తెలిసిన రెండు మూడు ఇళ్లలో అది కొడుకు పేరున డిపాజిట్లలో కూర్చుని ఉంది. అది ఆగితే మీ నెల లోటులో 450 డాలర్లు తగ్గుతాయి.

ఇంకొకటి. ఆయన 1971లో చేరారంటే, 1974 మే నాటికి ఉద్యోగంలో ఉన్నారు. మే 8 నుంచి 27 దాకా, 20 రోజులు, దేశమంతా రైల్వే సమ్మె. వేల మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు, క్వార్టర్లు ఖాళీ చేయించారు, జైళ్లలో పెట్టారు. తెనాలి లాంటి జంక్షన్‌లో పాతికేళ్ల కుర్రవాడికి అది తగలకుండా పోయి ఉండదు. ఆయన సమ్మెలో ఉన్నారో లేదో, ఆ నెల జీతం లేకుండా ఇల్లు ఎలా గడిచిందో, మీ తాతగారికి ఆ సంగతి ఎలా చెప్పారో, అసలు చెప్పారో లేదో మీరు ఉత్తరంలో రాయలేదు. బహుశా మీకూ తెలియదేమో.

ఈ శనివారం మామూలు చొక్కాతో కూర్చుని ముందు అది అడగండి. ఆయన చెప్పడం అయ్యాక మీది చెప్పడం కొంచెం తేలిక కావచ్చు. ఆయన ఏమన్నారో వీలైతే నాకూ రాయండి, వినాలని ఉంది.